పక్క షెడ్డు అదురు కందకం తవ్వితే ఆగుతుందా?

మిషన్ల అదురు గురించి ఈ మధ్య ఉత్తరాలు బాగా పెరిగాయి. ఊళ్లు షెడ్ల దాకా పెరిగాయి, షెడ్లు ఇళ్ల మధ్యకొచ్చాయి, మధ్యలో ఉన్నది ఒక్క ప్రహరీ గోడే. చాలామంది అడుగుతున్నది కందకం గురించి కాబట్టి ఈ నెల పేజీ మొత్తం దానికే.

ప్రశ్న: సార్, మాది గుంటూరు శివారు. నిరుడు మా ప్రహరీ అవతల రేకుల షెడ్డు వేసి పవర్ ప్రెస్సు పెట్టారు. దెబ్బ పడినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి, హాల్లో గోడ బీట తీసింది. షెడ్డాయన మంచివాడే, ఏం చేయమంటే అది చేస్తానంటున్నాడు. మా మేస్త్రి ప్రహరీ వెంట నాలుగడుగుల లోతు తవ్వి ఇసుక నింపితే సరిపోతుందంటున్నాడు. నిజమేనా?

జవాబు: నాలుగడుగులు చాలదండి. ఇసుక అయితే అసలే వద్దు. కారణం చెబుతాను, అది తెలిస్తే మీ స్థలానికి ఎంత లోతు కావాలో మీరే ఒక అంచనాకు రావచ్చు.

ప్రెస్సు నేలను కొట్టినప్పుడు మట్టిలోకి మూడు రకాల అలలు బయల్దేరతాయి. రెండు రకాలు లోపలికి, అన్ని వైపులకూ పోతాయి. మూడోది మాత్రం పైపొరను అంటిపెట్టుకునే వస్తుంది, 1885లో లార్డ్ రేలీ లెక్కగట్టి చూపించాడు కాబట్టి దాన్ని రేలీ అల అంటారు. నేల మీద నిట్టనిలువుగా అదిరే గుండ్రటి పునాదిని తీసుకుంటే అది మట్టిలోకి పంపే శక్తిలో మూడింట రెండు వంతులు, అంటే దాదాపు 67 శాతం, ఈ పైపొర అలలోనే పోతుంది. పైగా ఇది తొందరగా నీరసించదు. మట్టి తనలో కలిపేసుకునేది పక్కన పెడితే, దూరం నాలుగింతలైతే గానీ దీని ఊపు సగానికి తగ్గదు. మీ హాలు దాకా వచ్చేది ప్రధానంగా ఇదే.

పైపొరలో వచ్చేదే కదా, ఆ పైపొరను కోసేస్తే ఆగిపోదా అన్నదే కందకం వెనకున్న ఆలోచన. మంచి ఆలోచనే, కాకపోతే ఆ పైపొర మందం ఎంత అన్నదగ్గరే అందరూ తప్పుతున్నారు. ఈ అల లోతు దాని అలపొడవును బట్టి ఉంటుంది, అంటే ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి ఉన్న దూరం ఎంతో దాదాపు అంత లోతు వరకూ నేల కదులుతుంది. అలపొడవు కావాలంటే మట్టిలో అల వేగాన్ని ఫ్రీక్వెన్సీతో, అంటే నేల సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకెతో, భాగించాలి, అంతే. 1968లో రిచర్డ్ వుడ్స్ అనే అమెరికన్ ఇంజనీరు మైదానంలో నిజంగా కందకాలు తవ్వి, అవతలి వైపు అదురు నాలుగో వంతుకు తగ్గాలంటే ఏం కావాలో కొలిచాడు. మిషన్ పక్కనే చుట్టూ తవ్వితే అలపొడవులో 0.6 వంతు లోతు ఉండాలి. మిషన్‌కు దూరంగా, ఇంటి దగ్గర తవ్వితే అలపొడవుకు 1.33 రెట్లు ఉండాలి. ఇప్పటికీ ఇంజనీర్లు మొదటి అంచనాకు ఈ అంకెలే పట్టుకుంటారు.

మీ ఇంటి లెక్క చూద్దాం. మట్టిలో అల సెకనుకు 150 మీటర్ల వేగంతో వస్తోందని, అదురు 20 హెర్ట్జ్, అంటే సెకనుకు 20 సార్లు, అని అనుకుందాం. అలపొడవు ఏడున్నర మీటర్లు. మిషన్ పక్కన తవ్వితే నాలుగున్నర మీటర్లు, పదిహేను అడుగుల లోతు. మీ ప్రహరీ దగ్గర తవ్వితే పది మీటర్లు, ముప్పై అడుగుల పైమాటే. మీ మేస్త్రి చెప్పిన నాలుగడుగులు అంటే 1.2 మీటర్లు, అల దాని కిందనుంచి హాయిగా దాటిపోతుంది.

ఫ్రీక్వెన్సీ విషయంలో ఒక జాగ్రత్త. నిమిషానికి 60 దెబ్బలు కాబట్టి 1 హెర్ట్జ్ అని లెక్కేయకండి. ప్రతి దెబ్బకూ మిషన్, పునాది, కింద మట్టి కలిసి వాటి సొంత పద్ధతిలో కాసేపు ఊగుతాయి, ఆ ఊగే వేగమే మనకు కావాల్సిన ఫ్రీక్వెన్సీ. ఫోన్లో అదురు కొలిచే యాప్‌లుంటాయి, ఫోన్‌ను గచ్చు మీద పెట్టి చూస్తే ఫ్రీక్వెన్సీ రమారమి తెలుస్తుంది, కానీ అదురు ఎంత బలంగా ఉందో దాంతో నమ్మకంగా చెప్పలేం. దానికి జియోఫోన్ అనే నేల అదురు కొలిచే పరికరం పెట్టి చూసేవాళ్లను పిలవాల్సిందే.

ఇక ఇసుక ఎందుకు వద్దు? అల ఒక పదార్థం నుంచి ఇంకో దాంట్లోకి పోయేటప్పుడు ఎంత వెనక్కి మళ్లుతుందన్నది ఆ రెండింటి బరువుల్లో, అల వేగాల్లో తేడాను బట్టి ఉంటుంది. తేడా లేకపోతే మళ్లదు. మట్టి తీసి ఇసుక పోస్తే అల దృష్టిలో పెద్దగా ఏమీ మారలేదు, కాస్త వదులైన మట్టి వచ్చింది, అంతే. అదే థర్మోకోల్ దిమ్మెలు పెడితే ఘనమీటరు మట్టి 1800 కిలోలున్న చోట 20 కిలోల వస్తువు వచ్చింది, బరువులోనే తొంభై రెట్ల తేడా. అలకు అది దాదాపు ఖాళీ గొయ్యిలాగే కనిపిస్తుంది.

మీ షెడ్డాయన చేస్తానంటున్నాడు కాబట్టి నా సలహా, ముందు కందకం మాట వదిలేసి ప్రెస్సు కిందకి చూడమనండి. మిషన్‌ను నేరుగా గచ్చుకు బోల్టులు బిగించి ఉంటే దాన్ని లేపి, బరువైన కాంక్రీటు దిమ్మ మీద పెట్టి, ఆ దిమ్మ కింద స్ప్రింగులో, రబ్బరు మౌంట్లో వేయించాలి. మిషన్ పునాదులకు మన దేశంలో ఐఎస్ 2974 అనే ప్రమాణం ఉంది, అందులో దెబ్బ కొట్టే మిషన్ల కోసం విడిగా ఒక భాగమే ఉంది. పుట్టిన చోట ఆపడం పదిహేనడుగుల కందకం కంటే చౌక, పని కూడా తొందరగా అవుతుంది. అప్పటికీ మిగిలితే మిషన్ చుట్టూ కందకం ఆలోచించండి. వెనక్కి మళ్లిన అల ఎక్కడికీ పోదు, షెడ్డు వైపే తిరిగొస్తుంది కాబట్టి కందకానికి మిషన్ వైపు అదురు కొంచెం పెరగొచ్చని కూడా ఆయనకు ముందే చెప్పండి.

బీట గురించి. అదురు మన ఒంటికి తెలియడానికి సెకనుకు 0.3 మిల్లీమీటర్ల వేగం చాలు. మామూలు ఇళ్లకు జర్మన్ ప్రమాణం పెట్టుకున్న హద్దు, తక్కువ ఫ్రీక్వెన్సీల్లో, సెకనుకు 5 మిల్లీమీటర్లు. అంటే మనకు భయం వేసే అదురుకూ ఇంటికి దెబ్బ తగిలే అదురుకూ మధ్య చాలా దూరం ఉంది. మీది గుంటూరు, నల్లరేగడి అయ్యుంటుంది. ఆ నేల వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంచించుకుపోతుంది, ప్రెస్సు లేకపోయినా గోడలు బీటలిస్తాయి. కాబట్టి ఒక పని చేయండి. బీటకు అడ్డంగా బొటనవేలంత వెడల్పున్న పల్చటి గాజు ముక్క పెట్టి, రెండు చివర్లా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్దతో గోడకు అంటించి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాయండి. ఆ చోట గోడ రంగునూ పూతనూ గీకి ఇటుక మీదే అంటించాలి, లేకపోతే పెచ్చు ఊడి గాజు కిందపడుతుంది, మీరు గోడ కదిలిందనుకుంటారు. గాజు పగిలితే బీట పెరుగుతోందని అర్థం. ప్రెస్సు ఆపిన వారాల్లో కూడా పగిలితే నేరం నేలది.

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. మా సొంత రైస్ మిల్లు. పక్కింటివాళ్లు అదురు అదురు అని పెద్దమనుషుల దాకా పోయారు. కందకం తవ్విద్దామనుకుంటున్నాం. మెత్తటి వస్తువు నింపాలంటున్నారు కదా, మా దగ్గర ఊక గుట్టలుంది. అదే నింపొచ్చా?

జవాబు: తమ్ముడూ, ఆలోచన సరైన దారిలోనే ఉంది. ఊక మెత్తనిది, తేలికైనది, ఘనమీటరుకు వంద కిలోల చుట్టూ ఉంటుంది, వేసిన రోజు బాగానే పనిచేస్తుంది. ఇబ్బంది ఆ తర్వాత. కందకం గోడలు రెండు వైపుల నుంచీ లోపలికి తోస్తూనే ఉంటాయి, లోతుకు పోయేకొద్దీ ఆ తోపుడు పెరుగుతుంది. నింపిన వస్తువు ఒక పక్క అలకు మెత్తగా ఉండాలి, ఇంకో పక్క ఈ తోపుడుకు నిలబడాలి. ఊక నిలబడదు, అణిగిపోతుంది, నీళ్లు పట్టి దిగబడుతుంది, పైన గుంట పడుతుంది, మీవాళ్లు ఆ గుంటలో మట్టి పోస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి కందకం ఉన్నచోట మళ్లీ మట్టే ఉంటుంది. ఎండాకాలం నిప్పు భయం వేరే. రంపపు పొట్టు కూడా అంతే.

అసలు అన్నిటికంటే బాగా ఆపేది ఏమీ నింపని ఖాళీ కందకమే. గాలిలోకి అల దాటలేదు. కానీ పది పన్నెండు అడుగుల ఖాళీ గొయ్యి మిల్లు ఆవరణలో ఎలా ఉంచుతారు? అంచులు విరుగుతాయి, పశువులు పడతాయి, పిల్లలు పడతారు. వాన పడితే నిండుతుంది, నీళ్లు నిండిన కందకం సగం ఓడిపోయినట్టే, ఎందుకంటే నీళ్లలో పక్కకు కోసే కదలిక ముందుకు సాగదు గానీ తోసే కదలిక సెకనుకు 1500 మీటర్ల వేగంతో ఆ గట్టు నుంచి ఈ గట్టుకు చేరిపోతుంది. అందుకే మెత్తటి పూరకం వచ్చింది. కొంచెం సామర్థ్యం వదులుకుని కందకాన్ని నిలబెట్టుకోవడమన్నమాట.

వాడదగ్గవి చెబుతాను. మొదటిది థర్మోకోల్ దిమ్మెలు, ప్యాకింగ్‌లో వచ్చే గుల్ల రకం కాదు, జియోఫోమ్ పేరుతో అమ్మే గట్టి రకం, ఘనమీటరు 15 నుంచి 30 కిలోలు. నార్వేలో 1972 నుంచి రోడ్డు కట్టల కింద దీన్ని పరుస్తున్నారు, భూమిలో కుళ్లదు. పెట్రోలు, డీజిల్ తగిలితే మాత్రం కరిగిపోతుంది కాబట్టి మీ జనరేటర్ వైపు అయితే మందపాటి ప్లాస్టిక్ పట్టా చుట్టి పెట్టాలి. రెండోది పాత టైర్ల ముక్కలు. థర్మోకోల్ అంత బాగా ఆపవు గానీ చౌక, తోపుడుకు నిలబడతాయి. కొందరు వాటిలో ఇసుక కలుపుతారు, ఎంత కలిపితే అంత పాడవుతుంది. మూడోది బెంటొనైట్ బంకమట్టి జారుడు, పైల్ పునాదులు తవ్వేటప్పుడు గొయ్యి కూలకుండా పోస్తారే, అది. లోతైన కందకాలకు తవ్వకంలోనే పనికొస్తుంది, ఎండిపోకుండా మాత్రం చూసుకోవాలి.

కానీ ఇవన్నీ కొనేముందు ఒక్కసారి మిల్లులో తిరిగి మోటార్ల మీదున్న ప్లేట్లు చదువు. 1440 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 1440 చుట్లు, అని ఉంటే, ఇది ప్రెస్సులా దెబ్బ కొట్టేది కాదు, ఆగకుండా తిరిగేది కాబట్టి దాన్ని నేరుగా 60తో భాగిస్తే చాలు, 24 హెర్ట్జ్, దానికి కందకం పనికొచ్చే అవకాశం ఉంది. అదురు పుట్టిస్తున్నది మోటారు కాక నిమిషానికి 300 సార్లు ఊగే జల్లెడ అయితే అది 5 హెర్ట్జ్, అలపొడవు ముప్పై మీటర్లు, నువ్వు ఎంత తవ్వినా లాభం లేదు. అప్పుడు జల్లెడ బ్యాలెన్స్ చూపించడం, కింద మౌంట్లు మార్చడమే దారి. ఒక్కో మిషన్ ఆపుతూ పక్కింటి ఆయన్నే వాళ్లింట్లో కూర్చోబెట్టి ఏది ఆపినప్పుడు అదురు పోయిందో చెప్పమను. గొడవ సగం అక్కడే తీరుతుంది.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర. మూడడుగులు తవ్వితే నీళ్లు. థర్మోకోల్ కందకం మా దగ్గర పనిచేస్తుందా అన్నయ్యా?

జవాబు: చెల్లెమ్మా, మీ డెల్టాలో అసలు సమస్య అదురు కాదు, తేలడం. ఘనమీటరు థర్మోకోల్ 20 కిలోలు, అది తోసేసిన నీళ్లు వెయ్యి కిలోలు. అంటే నీళ్లలో మునిగిన ప్రతి ఘనమీటరు దిమ్మెనూ 980 కిలోల బలం పైకి నెడుతుంది. పైన మట్టి పోసి అదిమిపెడదామంటే, రెండు మీటర్లు మునిగిన దిమ్మెకు మీటరుకు పైగా మట్టి కావాలి. ఆ పై మీటరులోనే అల అన్నిటికంటే బలంగా ఉంటుంది, మనం అక్కడే మట్టి పోసి దానికి వంతెన కట్టినట్టవుతుంది. దిమ్మెలను కింద లంగరు వేసి పట్టి ఉంచాలి, లేదా పైన బరువు పలక వేసినా అది ఒక గట్టుకే ఆనాలి, రెండు గట్లనూ కలపకూడదు.

స్వీడన్‌లో కార్ల్ రైనర్ మసార్ష్ అనే ఇంజనీరు ఇలాంటి మెత్తటి నేలల కోసమే ఇంకో దారి చూపించాడు. సన్నటి లోతైన కందకంలో సిమెంటు, బెంటొనైట్ కలిపిన జారుడు పోసి, అందులోకి గాలి నింపిన పల్చటి దిండ్ల వరసలు దించడం. జారుడు గట్టిపడి దిండ్లను పట్టి ఉంచుతుంది, అలను దిండ్లలోని గాలి ఆపుతుంది. వినడానికి సులువుగా ఉన్నా ఒక్క ఇంటి కోసం చేయించే పని కాదు. మీ నేల మెత్తన, అల వేగం సెకనుకు వంద మీటర్ల లోపే ఉండొచ్చు, దానివల్ల అలపొడవు తగ్గి తక్కువ లోతు చాలుతుంది, అదొక్కటి మీకు కలిసొచ్చే విషయం. హైదరాబాద్ వాళ్లది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ, కింద రాయి, అల వేగం ఎక్కువ, అలపొడవు పాతిక మీటర్లు దాటుతుంది, రాయిని కోసి కందకం తవ్వడం కుదిరే పని కాదు.

ప్రశ్న: కాజీపేటలో మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. గూడ్సు పోతే మంచాలు ఊగుతాయి. మా పెరట్లో కందకం తవ్వుకోవచ్చా?

జవాబు: తవ్వుకోవచ్చు గానీ డబ్బులు దండగ అవుతాయేమోనని నా భయం. బరువైన గూడ్సు బండ్లు పుట్టించే అదురులో తక్కువ ఫ్రీక్వెన్సీలు ఎక్కువ, పైగా మీరు ఇంటి దగ్గర తవ్వుతున్నారు కాబట్టి 1.33 రెట్ల లెక్క వర్తిస్తుంది. ఇంకోటి, మిషన్ అయితే ఒక చోట ఉంటుంది, రైలు బారుగా కిలోమీటరు పొడవునా కొడుతుంది. మీ పెరటి పొడవు కందకం చివర్ల నుంచి అల చుట్టుతిరిగి వచ్చేస్తుంది. కందకం నీడ దాని వెనక కొద్ది మేరకే.

రైల్వేల్లో పెద్ద సమస్య వచ్చినప్పుడు పట్టాల కిందే పని చేస్తారు. స్వీడన్ పశ్చిమ తీరపు లైన్లో లెడ్స్‌గార్డ్ అనే చోట 1997 ప్రాంతంలో ఎక్స్2000 బండ్లు గంటకు 200 కిలోమీటర్లతో పోతుంటే కట్ట మొత్తం విపరీతంగా ఊగింది. కింద ఎంత మెత్తటి బంకమట్టి అంటే, అందులో అల పోయే వేగానికి బండి వేగం దగ్గరపడింది. వాళ్లు సున్నం, సిమెంటు కలిపిన స్తంభాలు మట్టిలో దింపి నేలనే గట్టిచేశారు. మీరు చేయగలిగింది ఇంట్లోనే ఉంది. మంచం ఊగడానికి చాలాసార్లు కారణం పై అంతస్తు స్లాబు ఆ ఫ్రీక్వెన్సీకే పలకడం. పడక కింది అంతస్తుకు మార్చి చూడండి.

ప్రశ్న: చెన్నైలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్ కింద మెట్రో సొరంగం. కందకం సంగతి?

జవాబు: పనికిరాదండి. మీకు అదురు కింద నుంచి వస్తోంది, కందకం పక్క నుంచి వచ్చేదానికే. సొరంగంలో పట్టాల పలకను రబ్బరు, స్ప్రింగుల మీద తేలేలా వేస్తారు, అది మెట్రోవాళ్లు చేయాల్సిన పని.

ప్రశ్న: మా ఊరి కొండ దగ్గర కంకర క్వారీలో పేలుళ్లు. ఊరికీ క్వారీకీ మధ్య కందకం తవ్విస్తామని వాళ్లు ఒప్పుకున్నారు. సంతకం పెట్టొచ్చా?

జవాబు: కందకం మీద సంతకం పెట్టకండి, కొలత మీద పెట్టించుకోండి. క్వారీ రోజురోజుకూ లోతుకు పోతుంది, పేలుడు కందకం అడుగు కంటే కిందకు వెళ్లిపోతుంది, ఇక కందకం ఉన్నా లేనట్టే. మన గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో హద్దులు పెట్టింది. గని యజమానివి కాని ఇళ్ల దగ్గర నేల కదిలే వేగం 8 హెర్ట్జ్ లోపు సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 వరకూ 10, ఆపైన 15 దాటకూడదు. పేలుడు రోజు మీ ఊళ్లో, క్వారీకి అన్నిటికంటే దగ్గరున్న ఇంటి పునాది పక్కన పరికరం పెట్టి మీ ముందే కొలవమనండి. దాటితే ఒక్కో క్షణంలో పేలే మందు తగ్గించాలి, రంధ్రాలన్నీ ఒకేసారి కాకుండా మిల్లీసెకన్ల తేడాతో పేల్చాలి. అది వాళ్లకు తెలిసిన పనే.

ప్రశ్న: ఖమ్మం నుంచి. పక్కన మిషన్ షెడ్డుందని కాంట్రాక్టర్ మా ఇంటి పునాదికి రెండడుగుల దూరంలో జేసీబీతో ఏడడుగుల కాలువ తవ్వేశాడు. థర్మోకోల్ వచ్చే నెల వస్తుందట. ఈలోగా ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఇబ్బందేనండి, ఇది చదివిన రోజే పని ఆపించండి. పునాది బరువు నిట్టనిలువుగా కిందికే దిగదు, అంచు నుంచి ఏటవాలుగా పక్కలకు పరుచుకుంటూ దిగుతుంది. ఆ ఏటవాలులో ఉన్న మట్టినే మీవాళ్లు తీసేశారు. కందకం ఎంత లోతో పునాది నుంచి కనీసం అంత దూరంలో ఉండాలన్నది గుర్తుపెట్టుకోదగ్గ లెక్క, మీకు ఏడడుగుల లోతుకు దూరం రెండడుగులే ఉంది. ఆ కాలువలోకి ఎవర్నీ దిగనివ్వకండి, కర్రల దాపు లేకుండా ఐదడుగులు దాటిన గోతిలోకి మనిషి దిగకూడదు, గోడ విరిగిపడితే అరవడానికి కూడా టైముండదు. అంచున తవ్విన మట్టి కుప్పలు, జేసీబీ ఉంటే వెంటనే దూరం జరిపించండి. థర్మోకోల్ కోసం చూడొద్దు. తవ్విన మట్టినే అడుగు అడుగు పొరలుగా పోసి, ఒక్కో పొర తడిపి దిమ్మిస చేయించి పూడ్పించండి, ఆ తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి ఆ వైపు గోడ, ప్లింత్ బీమ్ చూపించండి. కందకం కావాలో వద్దో షెడ్డు వైపు కొలిచాక మాట్లాడుకోవచ్చు, ముందు వాన పడకముందే ఆ గొయ్యి మూయాలి.